ఏడు డిగ్రీల బాలశౌరి మాస్టారు

బాలశౌరి మాస్టారి కళ్ళెదుట ఏ వస్తువైనా సరే, ఎంత ఏటవాలుగా లేస్తే ఎక్కడ పడుతుందో లెక్క తేలకుండా గాల్లోకి లేవకూడదు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. మిగతా విషయాల్లో అంత మంచి మనిషి చాట్రాయి చుట్టుపక్కల పది ఊళ్ళలో దొరకరు. కాకపోతే మామిడి తోటల ఊళ్ళో తెల్లారింది మొదలు ఎవరో ఒకరు ఏదో ఒకటి విసురుతూనే ఉంటారు కాబట్టి, ఆ మంచితనాన్ని గమనించే తీరిక ఎవరికీ ఉండేది కాదు.

ముప్పై నాలుగేళ్ళు మిషను స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయన స్కూలుని వదిలారు గానీ లెక్కలు ఆయన్ని వదల్లేదు. పేపరు వేసే అతను బండి మీంచి పేపరు విసరబోతే గేటు దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, "బండి వేగం కూడా కలపాలి నాయనా. అరుగు మీద పడాలంటే గేటుకి నాలుగు గజాల ముందే వదిలెయ్యాలి" అని పాఠం మొదలెట్టేవారు. మూడో రోజు నుంచీ అతను బండికి స్టాండు వేసి, లోపలికొచ్చి, పేపరు మాస్టారి భార్య విజయరాణమ్మగారి చేతిలో పెట్టి, దండం కూడా పెట్టి వెళ్ళేవాడు.

ఒక పెళ్ళిలో చర్చి మెట్ల మీద కొత్త జంటకి పూలు చల్లడానికి జనం నిలబడ్డారు. మాస్టారు వాళ్ళని రెండు వరసలు చేసి, "నలభై అయిదు డిగ్రీలు. నేను చెప్పేదాకా ఎవరూ చల్లకండి" అని హెచ్చరించారు. ఆయన చెప్పేసరికి పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కారెక్కి జంక్షను దాటారు. పూలన్నీ వెనకాల తలుపు మూద్దామని బయటికొచ్చిన ఫాదరుగారి మీద పడ్డాయి. ఆయన కాస్త సిగ్గుపడి, చెయ్యెత్తి దీవించి లోపలికి వెళ్ళిపోయారు.

ఇంట్లో సంగతి వేరే చెప్పాలా? ఒకసారి కోపం పట్టలేక విజయరాణమ్మగారు స్టీలు గ్లాసు విసిరారు. అది ఆయన చెవి పక్కనుంచి పోయి గోడకి తగిలింది. మాస్టారు గోడ మీద సొట్టని చూసి, గ్లాసుని చూసి, "గురి బాగానే ఉంది రాణీ. కోణమే రెండు డిగ్రీలు తక్కువైంది" అన్నారు. ఆవిడ రెండో గ్లాసు విసరలేదు. "సరిచేసి విసిరితే ఆయన సంతోషిస్తారు. ఆ సంతోషం నా చేతుల మీదుగా ఎందుకివ్వాలి?" అని ఇరుగుపొరుగుతో అన్నారట.

అందరికంటే ఎక్కువ నష్టపోయినవాడు ఆరోగ్యం అనే తోట కూలీ. కాయకోతకి అతని పేరు చెబితే నూజివీడు దాకా తెలుసు. ఒక రోజు పెద్దరసాల చెట్టు చిటారు కొమ్మ మీద కూర్చుని, కాయ తెంపి, కింద ఇద్దరు పట్టుకున్న గోనెపట్టాలోకి వదలబోయాడు.

"ఆగు ఆరోగ్యం!" అని కిందినుంచి వినబడింది. "కాయ బరువెంత?"

"తెలీదండి. కాటా కిందుందండి."

"సరేలే, బరువుతో పనిలేదు. నువ్వెంత ఎత్తులో ఉన్నావు?"

"దిగి చెప్పనాండీ?"

"వద్దొద్దు, దిగితే ఎత్తు మారిపోతుంది. అలాగే ఉండు."

"మాస్టారండీ, చీమలండీ!"

"చీమల బరువు కూడా అక్కర్లేదు."

లెక్క తేలేలోపు ఆ కొమ్మ మీది ఎర్రచీమలన్నీ ఆరోగ్యం లుంగీలోకి కాపురం మార్చాయి. ఆ రోజు అతను చెట్టు దిగలేదు, రాలాడు. గోనెపట్టాలోనే పడ్డాడు. అంత తిన్నగా ఎలా పడ్డాడో లెక్క చూడాలని మాస్టారికి ఇప్పటికీ ఉంది.

ఆ ఆరోగ్యం కూతురే లేయా. పందొమ్మిదేళ్ళ పిల్ల. మామూలుగా తోటల్లో ఆడవాళ్ళు కాయ ఏరడం, గ్రేడు చెయ్యడం వరకే. లేయా మాత్రం తండ్రితో సమానంగా చిక్కం పట్టేది. పొడుగాటి వెదురు కర్రకి చివర వలసంచి కట్టిన ఆ చిక్కాన్ని తల పైకెత్తి రోజంతా కాయలు దించడమంటే మాటలు కాదు. సాయంత్రం అయ్యాక అదే చేతులతో విల్లు పట్టేది. ఆ పిచ్చి స్కూల్లో డ్రిల్లు మాస్టారు కృష్ణకాంత్ అంటించి వెళ్ళారు. ఆయనకి ఉంగుటూరు బదిలీ అయ్యాక వెదురు విల్లూ, డజను బాణాలూ లేయా దగ్గర మిగిలాయి. నేర్పేవాళ్ళు మిగల్లేదు.

అప్పుడొచ్చారు బాలశౌరి మాస్టారు.

"మీకు విల్లు పట్టడం తెలుసా అండీ?" అని అడిగింది లేయా.

"తెలీదమ్మా. వేసిన బాణం ఎక్కడ పడుతుందో తెలుసు."

వేరే గతి లేక ఒప్పుకుంది. వెదురు విల్లుకి గురి చూసే అద్దాలూ, ముళ్ళూ ఏమీ ఉండవు. బాణం మొనని గురి అట్టకి ఎంత పైన ఆనించాలో కంటికీ చేతికీ పట్టుబడాలి. అది లెక్క తెలిసినవాడు చెబితే మంచిదే కదా అనుకుంది. తన బతుకులో అంత పొరపాటు మరోటి చెయ్యలేదని వారం తిరక్కముందే తెలిసింది.

బంగినపల్లి చెట్ల రెండు వరసల మధ్య బాటలో, గోనెసంచుల్లో వరిగడ్డి కుక్కి, ముందు అట్ట కట్టి, యాభై మీటర్లు కొలిచి గీత గీశారు. మాస్టారు బడినాటి కోణమానినికి దారం కట్టి, దారం చివర ఎండిన మామిడిటెంక వేలాడదీసుకొచ్చారు. లేయా మూడు బాణాలు వేసేది. నాలుగోది తీయబోతే, "ఆగు. లెక్క అవలేదు" అనేవారు. చెట్టు మొదట్లో కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, పెన్సిలు చెక్కుకుని, నోటుపుస్తకంలో అయిదు నిమిషాలు గీకి, తలెత్తి గంభీరంగా చెప్పేవారు.

"ఏడు డిగ్రీలు."

మళ్ళీ మూడు బాణాలు. మళ్ళీ అయిదు నిమిషాలు. మళ్ళీ ఏడు డిగ్రీలు.

"నిన్న కూడా ఏడే కదండీ!"

"నిన్న ఏడని తెలిసింది. ఇవాళ ఏడని తేలింది."

"మాస్టారూ, దూరం మారలేదు, విల్లు మారలేదు, నేను మారలేదు. మళ్ళీ మళ్ళీ లెక్కెందుకండీ?"

"గాలి మారింది."

"గాలెక్కడుందండీ? ఆకు కదలట్లేదు."

"అదే మార్పు. ఇందాక కదిలింది."

ఆ మార్చి నెలలోనే మరో రోజు కొత్త రోగం పట్టుకుంది. "ముందు భూమ్యాకర్షణ సరిచూసుకోవాలి" అన్నారు.

"అది కూడా మారుతుందా అండీ?"

"మారదనే నమ్మకం. చూస్తే పోయేదేముంది? ముందుకి వంగు. కుడిచెయ్యి వదులుగా వేలాడెయ్యి. గడియారం లోలకంలా ఊపు. ఇరవై ఊపులు. నేను టైము చూస్తాను."

దారిన వచ్చేపోయే కూలీలంతా చూస్తుండగా, తోటలో నడుం వంచి చెయ్యి ఊపుకుంటూ నిలబడాల్సి వచ్చింది లేయాకి. మొదటి రోజే నవ్వులు మొదలయ్యాయి. మర్నాటి నుంచి రోజూ విల్లు పట్టేముందు ఒకసారి, దించాక ఒకసారి ఊపించేవారు. సాయంత్రపు భూమ్యాకర్షణ వేరట! ఇదంతా అయ్యేసరికి వెలుతురు పోయేది. రోజుకి ముప్పై ఆరు బాణాలు దాటేవి కావు. ముప్పై ఏడోది వింటికి తగిలిస్తే, "పుస్తకంలో పేజీ అయిపోయింది" అని లేచిపోయేవారు.

ఎనభై మూడు డిగ్రీల ముచ్చట ఒకటుంది, అదీ చెప్పాలి. ఒక సాయంత్రం మాస్టారు ఉన్నట్టుండి మెరుస్తున్న కళ్ళతో తలెత్తారు. "లేయా! ఈ లెక్కకి రెండు జవాబులు. ఏడు డిగ్రీలకి ఎక్కడ పడుతుందో, ఎనభై మూడుకీ అక్కడే పడాలి!"

"ఎనభై మూడంటే ఆకాశంలోకండీ."

"వెళ్ళి వస్తుంది. తొమ్మిది సెకన్లు."

విసుగు ముదిరిపోయిన లేయా, తోటలో ఎవరూ లేరని చూసుకుని, వదిలింది. ఇద్దరూ తలలు ఎత్తి నిలబడ్డారు. తొమ్మిది సెకన్లయింది. తొంభై అయింది. బాణం రాలేదు. పై గాలి సంగతి లెక్కలో రాలేదని మాస్టారు పుస్తకంలో రాసుకున్నారు. రెండు గంటల తరవాత ఆరోగ్యానికి ఫోనొచ్చింది, హనుమాన్ జంక్షన్ నుంచి. ఆ సాయంత్రమే ఊళ్ళోంచి బయల్దేరిన లోడు లారీ డ్రైవరు టీకి ఆగి చూస్తే కలెక్టరు మామిడికాయల మధ్య బాణం నిలువునా దిగి ఉందట. "నేను కాయల లోడెత్తానండి. మీ ఊరోళ్ళు యుద్ధం ఎవరి మీద చేస్తున్నారో నాకు తెలీదు. నన్ను వదిలెయ్యండి" అన్నాడట పాపం.

ఇవన్నీ విని నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. లేయాకి నవ్వు రాలేదు. జూన్ మూడో వారంలో జిల్లా జూనియర్ జట్టుకి ఎంపిక. నలుగురికే చోటు. ఈ ఏడు దాటితే ఆమె జూనియరు కాదు. ఆ పైన పెద్దవాళ్ళతో తలపడాలి, దానికి మంచి విల్లు కావాలి, అది ఈ జన్మకి కాదు. అకాడమీలో నేర్చుకునే పిల్లలు రోజుకి రెండొందల బాణాలు వేస్తున్నారని విన్నప్పటి నుంచీ ఆమెకి అన్నం సయించడం లేదు. అక్కడ రెండొందలు, ఇక్కడ ముప్పై ఆరూ, ఒక భూమ్యాకర్షణానూ!

పైగా ఎవరికీ చెప్పని సంగతి ఇంకొకటుంది. ఫిబ్రవరి నుంచే కుడి భుజంలో చిన్న మెలి. చిక్కం ఎత్తినప్పుడు కలుక్కుమనేది. ఇంట్లో చెబితే ఏమవుతుందో తెలుసు. "చెయ్యి నొప్పి అన్నావంటే ఆ విల్లు పొయ్యిలోకే" అని ఆరోగ్యం మొదటి రోజే చెప్పాడు. అందుకని పళ్ళబిగువున దాచుకుంది.

పోటీ ఇంక మూడు వారాలుందనగా ఒక సాయంత్రం, పన్నెండో బాణం దగ్గర, మాస్టారు "ఆగు" అన్నారు. పెన్సిలు విరిగింది. చెక్కుకోవడం మొదలెట్టారు.

"నాకు మీ లెక్క వద్దండీ!" అంది లేయా. "ఏడు! ఏడు! ఏడు! నిద్రలో కూడా ఏడే వినబడుతోంది. అవతలివాళ్ళు బాణాలేస్తుంటే నేను పెన్సిలు చెక్కుకోవడం చూస్తున్నాను. రేపట్నించి మీరు రావద్దండీ. నా పాటికి నేను వేసుకుంటాను."

మాస్టారు విరిగిన పెన్సిలు జేబులో పెట్టుకుని, "భూమ్యాకర్షణ మాత్రం మానకమ్మా" అని వెళ్ళిపోయారు. ఆ మాటతో ఆమెకి మరింత ఒళ్ళు మండింది.

మర్నాటి నుంచి తెల్లవారుజామునే వేరే తోటలోకి వెళ్ళి నూటయాభై బాణాలు వేసింది. రెండో రోజు నూటయాభై. మూడో రోజు విజయరాణమ్మగారు దారిలో పట్టుకున్నారు.

"ఏమ్మా, ఆయన్ని వదిలేశావంటగా. నాకెవరప్పగించమన్నారు? మూడు రోజుల్నించీ నేను పులుసులో చింతపండు వేస్తున్నా కోణం అడుగుతున్నారు. తీసుకుపో తల్లీ, నీకు పుణ్యముంటుంది."

"నా వల్ల కాదండీ అమ్మగారూ."

"నా వల్ల మాత్రం నలభై ఏళ్ళుగా అవుతోందా?" అంటూ ఆవిడ వెళ్ళిపోయారు.

నాలుగో రోజు పొద్దున జడ వేసుకుందామని కుడిచెయ్యి ఎత్తితే లేవలేదు. లేయా స్నేహితురాలి ఇంటికని చెప్పి, ఎడమచేత్తో దువ్వుకున్న వంకర జడతోనే బస్సెక్కి నూజివీడు వెళ్ళింది. అక్కడ శిరీష అనే ఫిజియోథెరపీ డాక్టరమ్మ ఉంది. ఆవిడ చెయ్యి అటూ ఇటూ తిప్పి, వేళ్ళతో నొక్కి చూసి, "ఏం పని చేస్తావు?" అంది.

"కాయకోతండీ. సాయంత్రం విల్లు."

డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. "మీ చాట్రాయి వైపు అందరూ బాణాలే వేస్తారా? మార్చిలో ఒక పెద్దాయన వచ్చారు. డెబ్భైకి దగ్గర. కళ్ళజోడు, నోటుపుస్తకం. ఇదే నొప్పి అన్నారు, ఇదే భుజం. ఏం చేస్తారండీ అంటే, 'పగలు మామిడికాయలు దించుతానమ్మా, సాయంత్రం విలువిద్య' అన్నారు."

లేయా కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"ఆయన చెయ్యి పట్టుకుని చూస్తే పసిపిల్లాడి చెయ్యిలా తిరుగుతోంది. ఎక్కడండీ నొప్పి అంటే కాసేపు ఆలోచించి, 'చిక్కం ఎత్తినప్పుడు మొహం చిట్లిస్తుంది' అన్నారు. ఎవరండీ అంటే, 'నేనే. నేనే చిట్లిస్తాను' అని సర్దుకున్నారు. నాకు నవ్వాగలేదు. సరే, ఆయన అడిగినవన్నీ చెప్పాను. రోజుకి ఎన్ని బాణాలు వెయ్యొచ్చు? ముప్పై ఆరు, మించకూడదు. ఎన్నింటికోసారి ఆగాలి? మూడింటికి. ఎంతసేపు? అయిదు నిమిషాలు. అన్నీ రాసుకున్నారు. చివర్లో, 'ఆగమంటే ఆగని మనిషి అయితే ఎలాగమ్మా?' అని అడిగారు. అది మీరే చూసుకోవాలండీ అన్నాను."

లేయా వేళ్ళ మీద మూడూ, అయిదూ, ముప్పై ఆరూ లెక్క చూసుకుంది.

"నీకూ అదే మందు," అంటూ డాక్టరమ్మ లేచి ముందుకి వంగి, కుడిచెయ్యి వేలాడేసి చూపించింది. "రోజూ రెండు పూటలా ఇలా. చెయ్యి వదులుగా వదిలేసి, లోలకంలా..."

"ఇరవై ఊపులు," అంది లేయా.

"నీకెలా తెలుసు?"

"మా ఊళ్ళో దీన్ని భూమ్యాకర్షణ అంటారండీ."

బస్సులో వచ్చేటప్పుడు ఆమెకి ఒకపక్క నవ్వు, ఇంకోపక్క మహా కోపం. చెప్పొచ్చు కదా! నొప్పి సంగతి తెలుసమ్మా, ఆగి వెయ్యి అని ఒక్క ముక్క చెబితే పోయేదేముంది? చెబితే ఏమనేదాన్నని ఆలోచించుకుంది. 'నాకేం నొప్పి లేదండీ' అని ముప్పై ఏడో బాణం, ఆ వెంటనే నూట ముప్పై ఏడోది వేసేది. ఆ సంగతి తెలిసిపోయాక కోపం ఎవరి మీద చూపించాలో అర్థం కాక, కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది.

అయిదు రోజులు విల్లు ముట్టుకోలేదు. ఆరో రోజు సాయంత్రం మాస్టారింటి గేటు ముందు నిలబడింది. "మాస్టారూ, గాలి మారిందండీ. లెక్క చూడాలి."

లోపలినుంచి విజయరాణమ్మగారు "వచ్చావా తల్లీ!" అని ఆనందంతో చెంబు కింద పడేశారు. మాస్టారు దాని కోణం కూడా అడక్కుండా చెప్పులేసుకుని బయల్దేరారు.

ఆ తరవాత తోటలో కొత్త వింత మొదలైంది. మూడు బాణాలు వెయ్యగానే లేయాయే విల్లు దించేది. "లెక్క?"

"ఏడు డిగ్రీలమ్మా."

"అంత తొందరగా ఎలా తేలిందండీ? మళ్ళీ చూడండి."

మాస్టారు కళ్ళజోడు పైనుంచి ఆమెని ఒక క్షణం చూసి, మారుమాట లేకుండా పెన్సిలు చెక్కుకునేవారు. ఆమె చెట్టు నీడలో భుజం వదులు చేసుకుంటూ కూర్చునేది. ఒకరికి తెలిసింది ఒకరికి తెలియనట్టే ఇద్దరూ బహు గంభీరంగా ఉండేవారు.

హనుమాన్ జంక్షన్ అవతల ఒక కాలేజీ మైదానంలో ఎంపిక జరిగింది. యాభై మీటర్లకి ముప్పై ఆరు బాణాలు, ముప్పైకి ముప్పై ఆరు. "ఒక్క రోజుకైతే డెబ్భై రెండు తట్టుకుంటుంది. తరవాత వారం విల్లు ముట్టుకోకు" అని శిరీష ముందే చెప్పింది. అరవై తొమ్మిది బాణాలయ్యేసరికి లేయా అయిదో స్థానంలో ఉంది. నాలుగో స్థానంలో అకాడమీ అమ్మాయి, రెండు పాయింట్లు పైన. మిగిలినవి మూడు బాణాలు, రెండు నిమిషాలు. భుజంలో మళ్ళీ ఆ మెలి మొదలైంది.

విజిలు ఊదగానే అందరూ విల్లులెత్తారు. లేయా దించింది. నడుం వంచి, కుడిచెయ్యి వేలాడేసి, ఊపడం మొదలెట్టింది.

"ఏంటమ్మా అది? వెయ్యి! వెయ్యవే!" అని కంచె అవతలినుంచి ఆరోగ్యం గంతులేశాడు. "మాస్టారండీ, ఏం చేస్తోందండీ అది?"

"భూమ్యాకర్షణ సరిచూసుకుంటోంది," అన్నారు మాస్టారు. ఆయన మైదానానికి వీపు పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడ్డారు.

నిమిషం దాటింది. అకాడమీ అమ్మాయి మూడూ వేసేసింది. రోజంతా లాగిన చెయ్యి వణికి ఆఖరిది అట్ట అంచుకి పోయింది. అప్పుడు నడుం ఎత్తి విల్లు పట్టింది లేయా. ఒకటి. రెండు. మూడు.

"రాణీ, ఎక్కడ పడిందే?" అన్నారు మాస్టారు, కళ్ళు తెరవకుండానే, పక్కనున్న విజయరాణమ్మగారితో.

"అదేంటండీ! వేసిన బాణం ఎక్కడ పడుతుందో తెలిసినవారు మీరే కదా!"

"ఇవాళ తెలీడం లేదే."

నాలుగో స్థానం వచ్చింది, ఒక్క పాయింటు తేడాతో. ఆరోగ్యం కూతుర్ని ఎత్తినంత పని చేసి, మాస్టారి రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "వచ్చే నెల రాష్ట్ర పోటీలంటండీ! రేపట్నించి పొద్దుటో రెండొందలు, సాయంత్రమో రెండొందలు వేయించండి మాస్టారూ. మీ లెక్కలకి నేనింక అడ్డం రాను!"

లేయా మాస్టారి వైపు చూసింది. మాస్టారు కాసేపు గడ్డం గోక్కున్నారు. తరవాత "అమ్మా!" అని మూలుగుతూ ఎడమ భుజం పట్టుకున్నారు.

"ఏమైందండీ?" అన్నాడు ఆరోగ్యం కంగారుగా.

"భుజం, ఆరోగ్యం. పాత నొప్పి. వారం రోజులు తోటకి రాలేను. తరవాత కూడా నూజివీడులో డాక్టరమ్మకి వారం వారం చూపించుకోవాలట. ఒక్కణ్ణే బస్సెక్కలేను. నీ కూతుర్ని తోడు పంపిస్తావా?"

"అయ్యో, అంత అడగాలాండీ? అమ్మాయ్, పెద్దాయన్ని జాగ్రత్తగా తీసుకెళ్ళి, డాక్టరమ్మ ఏం చెబుతుందో నువ్వు కూడా శ్రద్ధగా విను."

"అలాగే నాన్నా," అంది లేయా. ఆయన పక్కకి వచ్చి, బాణాల సంచి సర్దుతున్నట్టు వంగి, మెల్లగా అంది:

"మాస్టారూ, కుడిదండీ."

బాలశౌరి మాస్టారు చెయ్యి కుడి భుజం మీదికి మార్చుకుని, మళ్ళీ మొదటినుంచీ మూలిగారు.